రాజు మంచివాడే, మంత్రులే చెడ్డవాళ్లు

1381 జూన్. లండన్ నగరానికి ఆవల బ్లాక్‌హీత్ మైదానంలో కెంట్ ప్రాంతపు రైతులు, చేతిపనివాళ్లు వేల సంఖ్యలో దిగి ఉన్నారు. వచ్చిన దారి పొడుగునా జైళ్ల తలుపులు బద్దలు కొట్టారు. పన్నుల కాగితాలు తగలబెట్టారు. రాచెస్టర్‌లో ఏకంగా రాజుగారి కోటనే లొంగదీశారు. అంతకు తెగించినవాళ్లు ఎవరైనా ఎదురుపడితే మీరెవరి పక్షమని అడిగేవారు. రాజు రిచర్డ్ పక్షం, నిజమైన ప్రజల పక్షం అని జవాబు రావాలి. ఆ జవాబు చెప్పలేనివాడికి ప్రాణం మీదికి వచ్చేది.

రాజ్యం మీద తిరగబడుతూ రాజు పేరే చెప్పుకోవడం ఆ ఒక్కసారితో ఆగలేదు. 1536లో ఉత్తర ఇంగ్లండ్ లేచినప్పుడూ, 1549లో నార్విచ్ దగ్గర రైతులు గుడారాలు వేసినప్పుడూ, చివరికి 1642లో పార్లమెంటే సైన్యాన్ని పోగు చేసినప్పుడూ అదే మాట. మా రాజు మంచివాడు, చుట్టూ చేరినవాళ్లే చెడ్డవాళ్లు, వాళ్ల చేతుల్లోంచి ఆయన్ను విడిపించడానికే వచ్చాం. ఇంగ్లండ్ తిరుగుబాట్లు ఎందుకు పుట్టాయో, ఎందుకు ఓడాయో, ఓడినా ఏం మిగిల్చాయో తెలియాలంటే ముందు ఈ మాట సంగతి తేల్చుకోవాలి.

ఆ మాట వెనక మూడు లెక్కలు

మొదటిది, ప్రాణభయం. రాజు మీద యుద్ధానికి దిగడం రాజద్రోహమని 1352 నాటి చట్టం రాసిపెట్టింది. దానికి శిక్ష ఉరితీసి, కడుపు చీల్చి, ఒంటిని నాలుగు ముక్కలు చేయడం. మంత్రి మీద కోపమంటే బతికే దారి ఒకటి మిగులుతుంది. రాజు మీద కోపమంటే అదీ ఉండదు.

రెండోది, నిజమైన నమ్మకం. పట్టాభిషేకంలో పవిత్ర తైలం పూయించుకుని, న్యాయం చేస్తానని దేవుడి ముందు ప్రమాణం చేసినవాడు రాజు. పల్లెటూరి రైతుకు దొర కోర్టులో న్యాయం దొరకదని అనుభవమే చెప్పింది. దొరకు పైన ఉన్నవాడు రాజొక్కడే. అన్యాయం తన పేరుతోనే జరుగుతోందని ఆయనకు తెలిస్తే ఆపుతాడన్న ఆశ అమాయకమైనదే కావచ్చు, కానీ బూటకం కాదు.

మూడోది, ఐకమత్యం. వెట్టి రైతు, స్వంత భూమి ఉన్న రైతు, పట్నంలో చేతిపనివాడు, చిన్న పూజారి, ఒక్కోసారి భూస్వామి కూడా ఒకే గుంపులో నడిచేవారు. ఒకరి కోరిక ఇంకొకరికి నష్టం. అందరినీ ఒక జెండా కింద నిలబెట్టగల పేరు రాజు పేరే.

తలపన్ను వెనక ముప్పై ఏళ్ల కోపం

1381 తిరుగుబాటుకు తలపన్ను కారణమని పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో చెబుతాయి. నిజానికి తలపన్ను నిప్పురవ్వ మాత్రమే. ఎండుగడ్డి ముప్పై ఏళ్లుగా పేరుకుంటూ వచ్చింది.

1348లో ప్లేగు ఇంగ్లండ్‌లో అడుగుపెట్టింది. రెండేళ్లలో జనాభాలో మూడో వంతుకు తక్కువ కాకుండా, కొన్నిచోట్ల సగం దాకా తుడిచిపెట్టుకుపోయింది. బతికి బయటపడ్డ కూలీల విలువ ఒక్కసారిగా పెరిగింది. కోతకు మనుషులు దొరక్క భూస్వాములు పోటీపడి కూలి పెంచాల్సి వచ్చింది. అది సహించలేక 1351లో పార్లమెంటు చట్టం చేసింది: ప్లేగుకు ముందున్న కూలే ఇవ్వాలి, అంతే తీసుకోవాలి. కలుపు తీయడానికీ, గడ్డి ఆరబెట్టడానికీ రోజుకు ఒక పెన్నీ మించకూడదు. ఎక్కువ అడిగిన కూలీకి జరిమానా, ఊరు వదిలి వెళ్లినవాడికి జైలు. ఈ చట్టాన్ని అమలు చేసిన న్యాయమూర్తులు ఎవరంటే, ఆ కూలీలను పనిలో పెట్టుకునే భూస్వాములే.

దీనికి తోడు పాత వెట్టి ఎలాగూ ఉంది. వెట్టి రైతు వారంలో కొన్ని రోజులు దొర పొలంలో ఊరికే చాకిరీ చేయాలి. కూతురికి పెళ్లి చేయాలంటే దొరకు రుసుము కట్టి అనుమతి తెచ్చుకోవాలి. ఇంటి పెద్ద కన్నుమూస్తే కొట్టంలోని మేలైన పశువు దొర కొట్టానికి తోలాలి. బయటి ప్రపంచంలో కూలికి గిరాకీ పెరిగి, పక్క ఊరివాడు స్వేచ్ఛగా సంపాదించుకుంటుంటే, తాను మాత్రం పుట్టుకతోనే ఒక దొరకు కట్టుబడి ఉండడం ఎవరికైనా మింగుడుపడని సంగతి. తిరుగుబాట్లు కటిక పేదరికంలోనే పుడతాయనుకుంటాం. ఇక్కడ పుట్టింది పరిస్థితి మెరుగవుతున్న వేళ, ఆ మెరుగును చట్టం పేరుతో అడ్డుకున్నప్పుడు.

ఆపైన ఫ్రాన్స్‌తో యుద్ధం. 1377లో మూడో ఎడ్వర్డ్ చనిపోయేసరికి సింహాసనం ఎక్కిన మనవడు రిచర్డ్‌కు పదేళ్లు. పెత్తనం పెద్దల చేతిలో ఉంది. యుద్ధంలో ఓటములు, ఖాళీ ఖజానా. ఆ ఏడాదే తలకు 4 పెన్నీల పన్ను వేశారు. 1379లో హోదాను బట్టి మరోటి. 1380 చివర్లో నార్తాంప్టన్‌లో కూర్చున్న పార్లమెంటు పదిహేనేళ్లు దాటిన ప్రతి తలకూ 12 పెన్నీలు కట్టాలంది. అంటే ఒక కూలీకి మూడు నాలుగు రోజుల సంపాదన. ఇంట్లో పెద్దవాళ్లు నలుగురుంటే నాలుగింతలు. ఊళ్లో ధనవంతులు పేదల భారం కొంత మోయాలన్నారు గానీ, ధనవంతులే లేని ఊళ్ల గతేమిటో ఎవరూ చెప్పలేదు.

జనం తెలివిగా తలల లెక్క తగ్గించారు. 1377లో దాదాపు పదమూడున్నర లక్షల మంది పన్ను కట్టినట్టు లెక్క తేలింది. నాలుగేళ్లు తిరిగేసరికి అది తొమ్మిది లక్షలకు దిగింది. విధవ తల్లులు, పెళ్లికాని చెల్లెళ్లు, ఇంట్లో పనివాళ్లు కాగితం మీద మాయమయ్యారు. ప్రభుత్వం ఊరుకోకుండా మళ్లీ లెక్క తీయడానికి అధికారులను పంపింది. మే 30న ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో ఫాబింగ్ గ్రామస్థులు ఇక పైసా కట్టేది లేదని ఎదురుతిరిగి అధికారిని తరిమేశారు. అక్కణ్నుంచి రెండు వారాల్లో మంట లండన్‌కు చేరింది.

కోర్టులో దొరకని న్యాయం

తిరుగుబాటుదారులు ఎవరిని వెతికి పట్టుకున్నారో చూస్తే వాళ్ల కోపం గుడ్డిది కాదని తెలుస్తుంది. రాజు చిన్నాన్న జాన్ ఆఫ్ గాంట్‌కు థేమ్స్ ఒడ్డున ఉన్న సవాయ్ భవనాన్ని తగలబెట్టారు. అందులోంచి ఎవరూ ఏదీ దోచుకోకూడదని కట్టడి చేసుకున్నారు. న్యాయవాదులు ఉండే టెంపుల్‌లో దస్తావేజులు కాల్చారు. ఛాన్సలర్‌గా ఉన్న ఆర్చిబిషప్ సైమన్ సడ్‌బరీ, ఖజానా అధికారి రాబర్ట్ హేల్స్ లండన్ టవర్‌లో తలదాచుకుంటే, బయటికి ఈడ్చి తలలు నరికారు. ఎంత ఎంచి కొట్టినా గుంపు గుంపే. అదే రోజుల్లో లండన్‌లో స్థిరపడ్డ ఫ్లెమిష్ నేతపనివాళ్లను, పరాయివాళ్లన్న ఒక్క కారణంతో వీధుల్లో ఊచకోత కోశారు.

అప్పుడు తల పోగొట్టుకున్నవారిలో రిచర్డ్ లయన్స్ అనే వ్యాపారి ఒకడు. ఐదేళ్ల కిందట, 1376లో, అప్పటి రాజు చుట్టూ చేరి ఖజానా తింటున్నాడని పార్లమెంటు అతని మీద విచారణ జరిపి శిక్ష వేసింది. రాజోద్యోగుల మీద, ఆస్థానానికి దగ్గరివాళ్ల మీద దిగువ సభ ఫిర్యాదీగా నిలబడి ఎగువ సభ ముందు దోషులుగా నిలబెట్టే పద్ధతి మొదలైంది అక్కడే. కానీ ఏడాది తిరిగేసరికి ఆ శిక్షలు రద్దయ్యాయి. లయన్స్ మళ్లీ దర్జాగా తిరిగాడు. చట్టం వదిలేసినవాణ్ని 1381లో గుంపు చీప్‌సైడ్ వీధిలో నరికింది. చెడ్డ సలహాదారును తొలగించే దారి చట్టంలో మూసుకుపోతే అది వీధిలో తెరుచుకుంటుంది. తర్వాతి మూడు వందల ఏళ్ల చరిత్ర ఈ రెండు దారుల మధ్యే నడిచింది.

కోపం ఎంత పాతదో సెంట్ ఆల్బన్స్‌లో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి మఠమే ఊరికి దొర. జనం తమ ధాన్యాన్ని మఠం మరలోనే ఆడించుకుని రుసుము కట్టాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుంటే నేరం. 1330లలో మఠాధిపతి ఇంటింటికీ మనుషులను పంపి తిరగళ్లు జప్తు చేయించి, ఆ రాళ్లను మఠంలోని తన గదికి నేలగా పరిపించాడు. ఊరి పెద్దలు ఆయన ముందు నిలబడాలంటే తమ తిరగలి రాళ్ల మీదే నిలబడాలన్నమాట. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1381 జూన్‌లో, మనవళ్ల తరం మఠంలోకి చొరబడి ఆ రాళ్లను పెకలించింది. ముక్కలు చేసి, ఆదివారం చర్చిలో దీవించిన రొట్టె పంచుకున్నట్టు ఇంటికో ముక్క పట్టుకెళ్లింది. ఇది రాసిపెట్టినవాడు అదే మఠంలోని సన్యాసి థామస్ వాల్సింగ్‌హామ్. తిరుగుబాటుదారులంటే అతనికి పరమ అసహ్యం. అయినా ఆ దృశ్యాన్ని దాచలేకపోయాడు.

రాజు మాట ఇచ్చాడు

జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ల రిచర్డ్ రైతులను కలిశాడు. వెట్టి రద్దు, ఎకరాకు 4 పెన్నీల శిస్తు అడిగారు. సరేనన్నాడు. గుమాస్తాలు కూర్చుని ఊరూరికీ స్వేచ్ఛాపత్రాలు రాసి ముద్రలు వేశారు. రాజు మంచివాడేనని రుజువైందనుకుని ఎసెక్స్ రైతులు చాలామంది ఇళ్లకు బయల్దేరారు.

మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో కెంట్ నాయకుడు వాట్ టైలర్ ఇంకా పెద్ద కోరికలు పెట్టాడు. రాజు తప్ప వేరే దొరతనం ఉండకూడదు, చర్చి భూములు పంచాలి, వెట్టివాడన్నవాడు ఇంగ్లండ్‌లో మిగలకూడదు. మాటా మాటా పెరిగింది. లండన్ మేయర్ విలియం వాల్‌వర్త్ టైలర్‌ను కత్తితో పొడిచాడు. రైతులు విల్లులు ఎక్కుపెట్టేలోపు కుర్ర రాజు గుర్రాన్ని ముందుకు దూకించి, ఇక మీ నాయకుణ్ని నేనే, నా వెంట రమ్మన్నాడు. వాళ్లు వెళ్లారు. రాజు మంచివాడని నమ్మి వచ్చిన జనం ఆ క్షణంలో ఇంకేం చేయగలరు?

జూలై 2న స్వేచ్ఛాపత్రాలన్నీ రద్దయ్యాయి. బలవంతం మీద ఇచ్చిన మాట చెల్లదన్నారు. రాసిచ్చిన పత్రాలు పట్టుకుని అడగడానికి వచ్చిన ఎసెక్స్ మనుషులకు, మీరు వెట్టివాళ్లే, ఇంతకంటే హీనంగా బతుకుతారన్న జవాబు దక్కింది. వెట్టి తప్పని బోధించిన పూజారి జాన్ బాల్‌ను జూలై 15న సెంట్ ఆల్బన్స్‌లో చంపారు.

నూట యాభై ఏళ్ల తర్వాత అదే ఆట

1536లో కారణాలు వేరు, కథ అదే. ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకుని చర్చికి తానే అధిపతినన్నాడు. ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయమున్న మఠాలను మూసేయమని చట్టం వచ్చింది. ఉత్తరాదిలో మఠం అంటే పూజలొక్కటే కాదు. పేదలకు తిండి, బాటసారికి పడక, కౌలుకు భూమి. పైగా పుకార్లు: చర్చిలోని వెండి శిలువలు పట్టుకుపోతారట, పెళ్లికీ చావుకూ పన్నట. లింకన్‌షైర్‌లోని లౌత్ ఊరివాళ్లు తమ చర్చికి బ్రహ్మాండమైన శిఖరం పూర్తి చేసుకుని అప్పటికి ఇరవై ఏళ్లే. అక్టోబరు మొదట్లో వాళ్లే చర్చి తాళాలు తీసుకుని కాపలా కూర్చున్నారు. నాయకుడు ఒక చెప్పులు కుట్టేవాడు.

లింకన్‌షైర్ చల్లారేలోపు యార్క్‌షైర్ లేచింది. దాన్ని నడిపిన న్యాయవాది రాబర్ట్ ఆస్క్ దానికి తిరుగుబాటు అన్న పేరే పెట్టలేదు, తీర్థయాత్ర అన్నాడు. క్రీస్తు ఐదు గాయాల బొమ్మ జెండా మీద పెట్టుకుని ముప్పై వేల మంది దాకా డాంకాస్టర్ చేరారు. ఎదురుగా ఉన్న నార్‌ఫోక్ డ్యూక్ సైన్యం అందులో మూడో వంతు కూడా లేదు. పోరాడితే గెలిచేవారేమో. కానీ రాజుతో పోరాడటానికి వాళ్లు రాలేదు కదా! కమ్మరి కొడుకు థామస్ క్రామ్‌వెల్ లాంటి నీచకులపు మంత్రులను తొలగించమని అడగడానికి వచ్చారు.

రాజీ మాటలు నడిచాయి. తిరుగుబాటుదారులకు తానిచ్చే ఏ మాటనూ నిలబెట్టుకోనని నార్‌ఫోక్ ముందే రాజుకు ఉత్తరం రాసి ఉన్నాడు. డిసెంబరులో క్షమాపణ, ఉత్తరాదిలో పార్లమెంటు సమావేశం ఇస్తామని ఒప్పుకున్నాడు. ఆస్క్ సంబరంగా తన తిరుగుబాటు చిహ్నాన్ని చించేశాడు. ఆ క్రిస్మస్‌కు హెన్రీ అతన్ని లండన్‌కు పిలిచి ఆదరించాడు. జనవరిలో వేరొకరు లేవదీసిన చిన్న అలజడి రాజుకు సాకుగా దొరికింది. రెండు వందల మందికి పైగా ఉరికంబం ఎక్కారు. 1537 జూలైలో ఆస్క్‌ను యార్క్ కోట దగ్గర గొలుసులతో వేలాడదీశారు. 1540 కల్లా ఇంగ్లండ్‌లో ఒక్క మఠమూ మిగల్లేదు.

విచిత్రమేమంటే ఆ 1540లోనే హెన్రీ క్రామ్‌వెల్ తల తీయించాడు. తిరుగుబాటుదారుల మాట విని కాదు. తనకే అవసరం తీరి. పట్టాభిషేకమైన కొత్తలో, 1510లో, తండ్రి కాలంలో పన్నులు పిండిన ఇద్దరు అధికారులను బలిచ్చి మంచి పేరు కొట్టేసినవాడు ఆయనే. చెడ్డ మంత్రి అన్న కథ జనానికి ఎంత అవసరమో రాజుకూ అంతే అవసరం. తన పాపం మోయడానికి ఒక తల ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

1549లో గొర్రెల మేతకు ఊరుమ్మడి భూములకు కంచెలు వేసుకున్న భూస్వాముల మీద నార్‌ఫోక్ రైతులు లేచారు. నాయకుడు రాబర్ట్ కెట్ తానూ భూస్వామే. తన కంచె పీకడానికి వచ్చినవాళ్లతోనే చేరిపోయాడు. హెన్రీ తర్వాత వచ్చిన బాల రాజు పేరు మీదే నార్విచ్ పక్కన ఓక్ చెట్టు కింద కోర్టు నడిపారు. ఆగస్టులో సైన్యం వేల మందిని చంపింది. డిసెంబరులో కెట్‌ను నార్విచ్ కోట గోడకు ఉరితీశారు. అదే కోట దగ్గర నాలుగు వందల ఏళ్లకు, 1949లో, ఆయన గౌరవార్థం ఫలకం పెట్టారు.

ఓడినవాళ్లు ఏం సాధించారు?

వెంటనే చూస్తే ఉరికంబాలు తప్ప ఏమీ లేవు. కాస్త ఓపిక పట్టి చూడాలి.

1381 తర్వాత అలాంటి తలపన్ను వేయడానికి మధ్యయుగపు ప్రభుత్వాలు జంకాయి. వెట్టిని రద్దు చేయబోమని ఆ నవంబరు పార్లమెంటు గట్టిగా చెప్పింది; అయినా 1500 నాటికి అది దాదాపు కనుమరుగైంది. ఆ ఘనత మొత్తం తిరుగుబాటుకు ఇవ్వలేం. జనాభా కోలుకోలేదు, కూలీలు దొరకలేదు, వెట్టి అడిగితే రైతు రాత్రికి రాత్రి పక్క ఊరికి పోయేవాడు. దొరలు వెట్టి మాని శిస్తుకు ఒప్పుకోవడం లాభనష్టాల లెక్క. ఆ లెక్కలో 1381 జ్ఞాపకం కూడా ఒక అంకె. 1536లో భూస్వాములు అడిగిన కోరిక కూడా ఒకటి తర్వాత నెరవేరింది: భూమిని వీలునామాతో ఇచ్చుకునే హక్కు 1540లో చట్టమైంది. సామాన్యులు అడిగిన మఠాలు మాత్రం తిరిగి రాలేదు. ఓటమిలో కూడా పంపకం సమానంగా ఉండదు.

అసలు మార్పు పదిహేడో శతాబ్దంలో వచ్చింది. 1642లో పార్లమెంటు మొదటి చార్లెస్ మీదికి సైన్యం పంపుతూ కూడా రాజు కోసమే, పార్లమెంటు కోసమే అంది. రెండేళ్లకే ఆ మాటలోని డొల్లతనం బయటపడింది. రాజును తొంభై తొమ్మిదిసార్లు ఓడించినా ఆయన రాజే, మనం ఒక్కసారి ఓడితే అందరికీ ఉరే అని పార్లమెంటు సేనాని మాంచెస్టర్ ప్రభువు వాపోయాడు. అలాగైతే అసలు కత్తి ఎందుకు పట్టామని అదే పక్షపు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ నిలదీశాడు. ఆ ప్రశ్నకు 1649 జనవరి 30న చార్లెస్ తల తెగడం జవాబు. మొట్టమొదటిసారి నేరం మంత్రిది కాదు, రాజుదే అని బహిరంగ విచారణలో అన్నారు. కానీ రాజు లేని పాలన పదకొండేళ్లే నిలిచింది. 1660లో చార్లెస్ కొడుకు తిరిగి వచ్చాడు.

కత్తితో ఒకసారి తీర్పు చెప్పాక ఇంగ్లండ్ వేరే దారి పట్టింది. 1689 హక్కుల చట్టం, పార్లమెంటు ఒప్పుకోనిదే రాజు పన్ను వేయకూడదంది. రాజుకు విన్నపం పెట్టుకున్నవాణ్ని శిక్షించడం చట్టవిరుద్ధమంది. విన్నపం పట్టుకుని వెళ్లే ఆస్క్ ఉరికంబమెక్కాడని గుర్తుంటే ఆ రెండో ముక్క బరువు తెలుస్తుంది. 1701 చట్టం, దిగువ సభ నేరం మోపిన మంత్రి రాజు క్షమాపణ చూపి విచారణ తప్పించుకోలేడని తేల్చింది. లయన్స్ తప్పించుకున్న సందు మూడు వందల పాతికేళ్లకు అలా ఇరుకైంది. క్రమంగా రాజ్యాంగ సంప్రదాయం ఒకటి స్థిరపడింది: రాజు తప్పు చేయడు, ఎందుకంటే ఆయన పేరుతో జరిగే ప్రతి పనికీ జవాబుదారీ మంత్రిదే. మంత్రి పార్లమెంటు నమ్మకం కోల్పోతే దిగిపోవాలి.

ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? రాజు మంచివాడు, మంత్రిని మార్చండి. రైతులను నమ్మించి చంపిన ఆ మాటే చివరికి ప్రభుత్వాన్ని రక్తం చిందకుండా మార్చే సూత్రమైంది. తేడా అంతా ఒక్కచోటే ఉంది: మంత్రిని మార్చడం అప్పుడు రాజు దయ, ఇప్పుడు ఆయన కాదనలేని నియమం. 1990లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో తలకింత చొప్పున స్థానిక పన్ను తెస్తే, జనం దానికి పాత పేరే పెట్టి తలపన్ను అన్నారు. లక్షల మంది కట్టలేదు. మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లు చెలరేగాయి. రాణి జోలికి ఎవరూ పోలేదు, పోవాల్సిన అవసరమూ రాలేదు. ఆ నవంబరులో సొంత పార్టీ ఎంపీల మద్దతు చాలక థాచర్ రాజీనామా చేశారు. యూరప్ గొడవతో పాటు ఈ పన్నూ అందుకు ముఖ్య కారణం. 1993లో పన్ను రద్దయింది. చెడ్డ మంత్రులు పోవాలని 1381లో వచ్చినవాళ్లు అడిగింది కూడా ఇంచుమించు ఇదే. అడగడానికి వాళ్లకు దొరికిన చోటు గుర్రం మీదున్న రాజు ఎదురుగా. 1990 నాటి జనానికి దొరికింది ఎవరి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా లెక్కకు వచ్చే ఓటు.